మీకు తెలుసా? జారిన కటకమునకు దారము లేని ఆధారము

శుక్లమును తొలగించి కంటిలో నమర్చిన కృత్రిమ కటకము, సహజ కటకపు పలుచని సంచిలో కుదురుకొని యుండును; ఆ సంచిని చుట్టును పట్టియుంచు సూక్ష్మతంతువులు దెబ్బ వలననో, వార్ధక్యమున తెల్లని రేణువులు పేరుకొనుట వలననో శిథిలమైనచో, శస్త్రచికిత్స జరిగిన యెన్నో యేండ్లకు సైతము కటకము సంచితోఁ గూడ నొరగును, ఒక్కొక్కప్పుడు కంటి యడుగునకే జారిపడును. దానిని కంటి తెల్లగుడ్డునకు దారముతో కుట్టుట పాతపద్ధతి. కాని యా దారము కాలక్రమమున జీర్ణించి తెగుట కలదు.

2007లో చెన్నైలో నేత్రవైద్యుఁడు అమర్ అగర్వాల్, కటకమునకు ఇరుప్రక్కల నుండు ఆధారపు కాళ్లను తెల్లగుడ్డు పొరలో నిమిడ్చి, పైపొరను ఫైబ్రిన్ జిగురుతో నతికించెను. జపాను వైద్యుఁడు షిన్ యమానే 2017లో ప్రకటించిన విధానము మఱింత మనోహరము: ఆ కాళ్లను సన్నని బోలుసూదులలోనికి చొప్పించి, తెల్లగుడ్డు గోడగుండ వెలుపలికిఁ దీసి, కొనలకు వేడి సోకించినంతనే యవి కరగి మేకుతలవలె నుబ్బును, ఆ యుబ్బును గోడలోనికే యొత్తివేసినచో కాలు మఱి లోనికి జాఱదు. కుట్టు లేదు, జిగురును లేదు; సర్వభారమును ఆ సూక్ష్మమైన యుబ్బుదే. అయినను ఏకఖండముగాఁ జేసిన మెత్తని కటకముల కాళ్లు మందములగుటచే నిందుకుఁ దగవు. అట్టివానిని వెలికిఁ దీసి, సన్నకాళ్ల త్రిఖండ కటకమును నిలుపుదురు.