నార్వేలో మామూలు, స్కాట్లాండ్‌లో అపురూపం

నార్వే, స్వీడన్ కొండల్లో బ్లూ హీత్ మొక్క అరుదేమీ కాదు. గ్రీన్‌లాండ్, కెనడాల్లోనూ, జపాన్‌లోని హొక్కైడో పర్వతాల్లోనూ పెరుగుతుంది. బ్రిటన్‌లో మాత్రం స్కాట్లాండ్‌లోని సౌ ఆఫ్ అథోల్ కొండ, బెన్ ఆల్డర్ పరిసరాలు వంటి కొద్ది చోట్లే దానికి నెలవు. బ్లూబెర్రీ, రోడోడెండ్రాన్ల కుటుంబానికి చెందిన ఈ పొట్టి పొదకు సూదుల్లాంటి ఆకులు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. వేసవి మొదట్లో కూజా ఆకారపు ఊదారంగు పూలు పూస్తుంది. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం బ్రిటన్‌లో దీన్ని కావాలని కోసినా, పెకలించినా నేరం. ఉత్తరార్ధగోళంలో ఇన్ని చోట్ల ఉన్న మొక్కకు ఇంత కట్టడి దేనికని ఎవరికైనా అనిపిస్తుంది.

సంరక్షణకు డబ్బూ మనుషులూ పరిమితమే కాబట్టి, మరెక్కడా లేని జాతులకే ముందు ఖర్చు పెట్టాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ జాతులు ఒక్కసారిగా అంతరించవు. ఒక కొండ తర్వాత మరో కొండ మీద కనుమరుగవుతూ వస్తాయి. ఆ క్రమంలో ముందుగా దెబ్బతినేవి తరచూ ఇలా విడిగా మిగిలిన చిన్న గుంపులే. స్కాట్లాండ్‌లోని మొక్కలు పోతే నార్వే విత్తనాలు సముద్రం దాటొచ్చి ఆ లోటు తీరుస్తాయని నమ్ముకోలేం. తోటల్లో పెంచుకోవచ్చు కదా అంటే, అది విపత్తు నాటికి దాచుకున్న విత్తనమే అవుతుంది తప్ప కొండ మీది బతుకు కాదు.

వాతావరణం వేడెక్కుతోంది కనుక ఎలాగూ పోయే మొక్కేనన్నది మరో అభ్యంతరం. ఆలస్యంగా కరిగే మంచు దీన్ని గడ్డకట్టించే చలిగాలుల నుంచి కాపాడుతుంది. ఆ మంచు తగ్గితే ముప్పు నిజమే. అయితే ముప్పు అదొక్కటే కాదు. ఒకప్పుడు మొక్కలు సేకరించేవాళ్లు దీన్ని పెకలించుకుపోయారు. జింకలు, గొర్రెల మేత, తొక్కిడి ఇప్పటికీ బెడదే. చట్టం మనిషి చేతిని ఆపగలదు కానీ జింక నోటిని ఆపలేదు. అందుకే చట్టంలోని రక్షిత జాబితాలో పేరు చేర్చడంతో పని ముగియదు. జింకల సంఖ్యను అదుపులో ఉంచాలి, మొక్కలను క్రమం తప్పకుండా లెక్కించాలి, విత్తనాలు భద్రపరచాలి. మంచు మన చేతుల్లో లేదని, చేతిలో ఉన్న ఈ పనులు మానుకోవడం వివేకం అనిపించుకోదు.