పసిబిడ్డకు చెవులు వినిపిస్తున్నాయా?

బిడ్డకు తొమ్మిదో నెల. పాలు చక్కగా తాగుతుంది, మొహం చూస్తే నవ్వుతుంది, పాకుతుంది. కాని వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడదు. వంటింట్లో కుక్కరు కూత వేసినా ఉలిక్కిపడదు. తల్లికి అనుమానం వస్తుంది. ఆ మాట పైకి అనగానే ఇంట్లో అవ్వ, "వాళ్ళ నాయనకు గూడా మూడేండ్లకు గాని మాటలు రాలేదు లేమ్మా" అంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈ ఓదార్పు మాట నమ్మి ఏడాది, రెండేళ్ళు ఆగిపోయే తల్లిదండ్రులున్నారు. అలా ఆగవద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

బిడ్డ మాట నేర్చేది చెవితోనే. మొదటి రెండు మూడేళ్ళలో విన్న శబ్దాలతోనే మెదడులో మాటకు పునాది పడుతుంది. ఆ కాలం దాటిపోయాక ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా మాట రావడం కష్టమవుతుంది. వెయ్యిమంది పిల్లలు పుడితే కనీసం ఒకరిద్దరికి పుట్టుకతోనే శాశ్వతమైన వినికిడి లోపం ఉంటుందని అంచనా. మొదటి నెలలో పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్స మొదలు కావాలని వైద్యులు చెబుతారు. ఇప్పటికే ఆలస్యమైతే ఇవాళే బయలుదేరండి.

ఇంట్లో ఏం గమనించాలి?

పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడికి ఉలిక్కిపడాలి. నాలుగో నెలకు తల్లి గొంతు విని ఏడుపు ఆపాలి. ఆరేడు నెలలకు చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాలి. పదో నెలకు "తాత తాత, బబబ" అనాలి. ఏడాది దాటేసరికి పేరు పిలిస్తే చూడాలి, ఒకటి రెండు మాటలు రావాలి.

ఒక సంగతి మోసం చేస్తుంది. చెవులు వినిపించని బిడ్డ కూడా మొదటి నెలల్లో అందరి పిల్లల్లాగే "ఉంగా ఉంగా" అంటుంది. ఆరు నెలల తర్వాత ఆ శబ్దాలు పెరగవలసిందిపోయి తగ్గుతాయి. అలాగే బిడ్డ ఎదుట పళ్ళెం మోగించి "వినిపిస్తోంది" అనుకోకండి. చెయ్యి కదలిక కంటికి కనిపిస్తుంది, అదురు ఒంటికి తెలుస్తుంది. పైగా పెద్ద చప్పుళ్ళు మాత్రం వినిపించి, మాటలు వినిపించని పిల్లలు చాలామంది ఉంటారు.

ఎవరికి తప్పనిసరి?

నెలలు నిండకుండా పుట్టినవారు, కిలోన్నర కంటె తక్కువ బరువున్నవారు, రక్తం మార్చవలసినంతగా కామెర్లు వచ్చినవారు, పుట్టగానే ఏడవనివారు, మెదడువాపు వచ్చినవారు, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు వాడినవారు — ఈ పిల్లలందరికీ పరీక్ష తప్పనిసరి. మన సీమలో మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఎక్కువ. వంశంలో చెవుడు ఉంటే ఇలాంటి సంబంధాలలో అది పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. తల్లిని నిందించడం మాత్రం తప్పు. ఆ గుణం సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది.

గర్భిణికి మొదటి నెలల్లో రుబెల్లా జ్వరం వస్తే బిడ్డకు చెవుడు, కంటిలో శుక్లం, గుండె జబ్బు రావచ్చు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు ఈ జ్వరానికీ పిల్లల శుక్లాలకీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాడు. 2017 నుంచి మన దేశంలో తట్టు, రుబెల్లా టీకా కలిపి వేస్తున్నారు. బిడ్డకు 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేయించండి.

క్షయ అనగానే మనవారికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తుకొస్తుంది. 1948లో దేశంలో మొదటిసారి బి.సి.జి. టీకాలు వేసింది మదనపల్లెలోనే. క్షయకు విరివిగా వాడిన స్ట్రెప్టోమైసిన్ గర్భంలోని బిడ్డ చెవులను దెబ్బతీయగలదు. అందుకని గర్భిణి ఏ ఇంజెక్షనుకు ముందైనా తన సంగతి డాక్టరుకు చెప్పాలి. క్షయ మందులు మాత్రం సొంతంగా మానరాదు.

పరీక్ష ఎలా చేస్తారు?

మొదటిది ఓ.ఏ.ఇ. పరీక్ష. చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చూస్తారు. ఇందులో తప్పినంత మాత్రాన చెవుడని కాదు. చెవిలో తేమ ఉన్నా తప్పవచ్చు, మళ్ళీ చేస్తారు. రెండోది బేరా. నిద్రపోయే బిడ్డ తలకు తీగెలు అంటించి, చెవిలో శబ్దం వినిపించి, మెదడు అందుకుంటున్నదో లేదో చూస్తారు. కరెంటు పెడతారన్న భయం వద్దు, నొప్పి ఉండదు. కామెర్లు ముదిరిన పిల్లలకు మొదటి పరీక్ష బాగున్నా బేరా చేయించాలి.

ముందు మీ ఊరి ప్రభుత్వాస్పత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టు చెవుడును గుర్తించి పై ఆస్పత్రికి పంపుతారు. ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద పరీక్షలకు తిరుపతి రుయా, కుప్పం పి.ఇ.ఎస్. వైద్య కళాశాల, వేలూరు సి.ఎం.సి. అందుబాటులో ఉన్నాయి. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ పనికే అంకితమైనది. బేరా ఏ రోజుల్లో చేస్తారో కనుక్కుని వెళ్ళండి. లోపం తేలితే బిడ్డ కళ్ళు కూడా చూపించి, గుండెకు ఇ.సి.జి. తీయించాలా అని అడగండి. కొన్ని రకాల పుట్టు చెవుడుతో గుండె లయ దోషం కలిసి ఉంటుంది.

తర్వాత ఏమిటి?

వినికిడి యంత్రం నెలల పిల్లలకూ పెట్టవచ్చు. దాని బిళ్ళ బ్యాటరీ బిడ్డ మింగితే ప్రాణాపాయం, జాగ్రత్త. యంత్రంతో లాభం లేనివారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. ఏడాది వయసు ప్రాంతంలో చేస్తే ఫలితం బాగుంటుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అర్హత ఉందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఆపరేషనుతో పని అయిపోదు. ఏళ్ళ తరబడి మాట నేర్పించాలి. సైగలు వాడితే మాట రాదన్న భయమూ వద్దు.

వద్దన్నవి

చెవిలో నూనె, వెల్లుల్లి రసం, తల్లిపాలు పోయకండి. చీము పట్టవచ్చు. మాటలు వస్తాయని వస అరగదీసి నాకించకండి. వాంతులు పట్టుకోవచ్చు, విలువైన నెలలు పోతాయి. పడుకోబెట్టి సీసాపాలు పట్టకండి. చెవి కారితే వెంటనే చూపించండి.

బిడ్డతో రోజంతా గడిపేది తల్లి. ఆమె అనుమానాన్ని ఇంట్లోవారు కొట్టివేయరాదు. పరీక్షలో ఏమీ లేదని తేలితే సంతోషం, ఒక రోజు బస్సు ఛార్జీలతో పోతుంది. లోపం ఉందని తేలితే, ఆ రోజు ఎంత ముందుగా వస్తే బిడ్డకు అంత మేలు.