చదును బాటే గదా అనుకోరాదు

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. 1908లో లండనులో పరుగెత్తిన ఈ దూరమే 1921లో ప్రమాణంగా స్థిరపడింది. హైదరాబాదు మారథానులో వంతెనలు ఎక్కి దిగాలి. చిన్న ఊళ్లలో చెరువు చుట్టూ జరిగే పరుగులకు ఆ బాధ లేదు. అందుచేత అవి సులభమని పలువురు భ్రమపడతారు.

పరుగెత్తినవారి అనుభవం వేరు. మొదటి చుట్టు హాయిగా సాగుతుంది. చెరువు గాలికి కాళ్లు తమంత తామే వేగం పుంజుకుంటాయి. 30 కిలోమీటర్లు దాటేసరికి ఒంట్లో నిలవున్న శక్తి తరిగిపోతుంది. ఎత్తుపల్లాలు లేవు గనుక కాళ్లకు మార్పూ లేదు. అవే కండరాలు అదే పని చేయాలి. రోజల్లా మరమగ్గాల ముందు నిలబడే మనవారికి ఆ నొప్పి వేరే చెప్పనక్కరలేదు. పోటీదారులు పలచబడతారు, చప్పట్లు కొట్టేవారుండరు. చుట్టు తిరిగిన ప్రతిసారీ బయలుదేరిన చోటే ఎదురై, ఇక చాలించమని మనసు పోరుతుంది. గెలవవలసింది అక్కడే.

మన షోలాపూరులో సిద్ధేశ్వర చెరువుంది, కంబర్ తలావుంది. చద్దర్లు, తువ్వాళ్లు నేసే మన యువకులు అక్కడ సాధన చేయవచ్చు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు గనుక పొద్దెక్కకముందే ముగించాలి. నీరు దాహానికి తగినంతే తాగాలి. దూది దుమ్ములో పనిచేస్తూ ఆయాసపడేవారు ముందుగా వైద్యునికి చూపించుకోవాలి.

మొదటి సగం నెమ్మదిగా పోవడమే అసలు కిటుకు. మొదటి గజాన్నీ చివరి గజాన్నీ ఒకే బిగువున నేయడం మనవారికి కొత్త విద్య కాదు గదా!