వెదర్ ఏపీఐ

వానాకాలం వార్తల్లో వాతావరణ శాఖ పేరు పక్కనే ఈమధ్య ‘వెదర్ ఏపీఐ’ అన్న మాటా కనిపిస్తోంది. ఒక సంస్థ కంప్యూటర్లలో ఉన్న వాతావరణ అంచనాలను ఇతర వెబ్‌సైట్లు, యాప్‌లు నేరుగా అడిగి తీసుకునే ఏర్పాటే ఇది. ఏపీఐ అంటే అప్లికేషన్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్.

ఓ వార్తల సైట్ తెరిచి విజయవాడను ఎంచుకోగానే, ఆ సైట్ 16.51 అక్షాంశం, 80.65 రేఖాంశం అంటూ అవతలి సర్వర్‌కు ప్రశ్న పంపుతుంది. ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం, వాన పడే అవకాశం అంకెల్లో తిరిగొస్తాయి. వాటికి మబ్బు బొమ్మో, సూర్యుడి బొమ్మో తగిలించడమే సైట్ పని. అంచనా దాని సొంతం కాదు.

ఒకే ఊరికి రెండు యాప్‌లు రెండు మాటలు చెప్పేదీ అందుకే. వాటి వెనక అంచనాలు లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు వేరు. అమెరికా జీఎఫ్ఎస్ మోడల్ రోజుకు 4 సార్లు నడుస్తుంది. మన దేశం 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ నేలను 6 కిలోమీటర్ల గడులుగా విడదీసి లెక్క కడుతుంది. అంటే ఫోన్‌లో కనిపించే అంకె మీ వీధిది కాదు, ఆ గడిది. పత్తి ఏరించాలా, ధాన్యం ఆరబోయాలా అని యాప్ చూసి తేల్చుకునేవారికి ఇదేమీ చిన్న విషయం కాదు. అంచనా చివరిగా ఎప్పుడు అప్‌డేట్ అయిందో కూడా చూసుకోవాలి.

నార్వే వాతావరణ సంస్థ, అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ ఈ సమాచారాన్ని ఉచితంగానే ఇస్తున్నాయి. ప్రైవేటు సంస్థలు చాలావరకు కొంత మేరకు ఊరికే ఇచ్చి, ఆపై రుసుము తీసుకుంటాయి. కొళాయి కట్టేసే అధికారమూ వాటిదే: డార్క్ స్కై అనే వాతావరణ యాప్ సంస్థను 2020లో కొన్న యాపిల్, 2023 మార్చి 31తో దాని ఏపీఐని ఆపేసింది. దాన్నే నమ్ముకున్న యాప్‌లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.