గ్రైండరుకు రెండు పుట్టుకలు

బెజవాడ టిఫిన్ మాటెత్తితే గాంధీనగర్ బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ గుర్తొస్తుంది. ఏ హోటల్లోనైనా ఇడ్లీ మెత్తగా రావాలంటే ముందు పప్పు సరిగ్గా నలగాలి. ఇప్పుడు ఆ పని వెట్ గ్రైండరుది.

దాని పుట్టిల్లు కోయంబత్తూరు. 1955లో అక్కడ పి. సభాపతి దీన్ని తయారుచేశారు. రుబ్బురోలులో మనిషి పొత్రాన్ని తిప్పేవాడు. ఇందులో మోటారు రోలునే తిప్పుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది. రాయి నెమ్మదిగా నలుపుతుంది. వేడి తక్కువ పుడుతుంది, గాలి పిండిలో బాగా కలుస్తుంది. మినప్పిండి బాగా పొంగేది అందుకే.

హోటలుకు చేరాక గ్రైండరు మరోసారి పుడుతుంది, ఈసారి ఖాతా పుస్తకంలో. ధరకు లారీ కిరాయి, బిగింపు ఖర్చు కలుపుతారు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్ను సర్దుబాటు) లేకుండా 5 శాతం జీఎస్టీ కట్టే హోటలైతే, యంత్రం మీద కట్టిన జీఎస్టీ కూడా అందులోనే చేరుతుంది. అన్నీ కలిపి లక్ష రూపాయలైందనుకుందాం. ఆ లక్షను ఒక్క ఏడాది ఖర్చుగా రాయరు. రాయి ఎన్నేళ్లు పిండి రుబ్బుతుందో అన్నేళ్లకూ పంచుతారు. ఆ పంపకమే తరుగుదల.

హోటలు నడిపేది కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు దారి చూపిస్తుంది. సాధారణ యంత్రాల ఆయుష్షు 15 ఏళ్లు. చివర్లో మిగిలే విలువ సాధారణంగా 5 శాతానికి మించదు. అంటే 95,000 రూపాయలు పదిహేనేళ్లకు పంచితే ఏడాదికి సుమారు 6,333. రెండు షిఫ్టులు నడిపిన కాలానికి తరుగుదల సగం పెరుగుతుంది. ఏడాదంతా అలా నడిస్తే 9,500.

బల్లలు, కుర్చీల లెక్క వేరు. మామూలు ఫర్నిచరుకు 10 ఏళ్లు ఇచ్చిన చట్టం హోటళ్ల ఫర్నిచరుకు 8 ఏళ్లే ఇచ్చింది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే కుర్చీలదీ అదే వరస. రోజూ వందల మంది కూర్చుని లేచే కుర్చీ ఇంట్లో కుర్చీలా నిలవదని చట్టం రాసినవాళ్లకు తెలుసు. లక్ష రూపాయల ఫర్నిచరు ఏడాదికి 11,875 రూపాయలు అరుగుతుంది.

ఆదాయపు పన్ను లెక్కలో మిగిలిన విలువ మీద యంత్రాలకు 15 శాతం, ఫర్నిచరుకు 10 శాతం. కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే. అందుకే బిల్లు తేదీతో పాటు యంత్రం పనిలోకి దిగిన తేదీ కూడా రాసుకోవాలి.

రాయి నున్నబడితే కక్కు కొట్టిస్తారు. అది మరమ్మతు, ఆ ఏడాది ఖర్చే. ఆయుష్షు పెంచేలా కొత్త మోటారు వేస్తే అది ఆస్తిలో చేరవచ్చు. అప్పుడు పాత మోటారు విలువను తీసేయాలి.

ఆయుష్షు తీరకుండానే పోయే యంత్రాలూ ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. అలాంటి వరదలో మోటారులోకి బురదనీరు చేరి ఐదేళ్లు ఒకే షిఫ్టులో నడిచిన ఆ లక్ష రూపాయల గ్రైండరు పనికిరాకుండా పోతే, పుస్తకంలో దాని విలువ ఇంకా 68,333 రూపాయలు ఉంటుంది. దాన్ని నష్టంగా రాసి ఆస్తుల్లోంచి తీసేయాలి. బీమా సొమ్మును విడిగా చూపాలి. ఆ గ్రైండరును ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో రాసి లేకపోతే నష్టం ఎంతో చెప్పడానికి ఆధారమే ఉండదు.

డెల్టా ఊళ్లలో టిఫిన్ హోటళ్లు నడిపేవాళ్లలో చాలామంది గల్లాపెట్టెలో మిగిలిందే లాభం అనుకుంటారు. ఆ మిగులులో గ్రైండరు అరుగుదల కూడా ఉంది. దాన్ని తీయకుండా వాడేసుకుంటే కొత్త గ్రైండరు కొనే నాటికి అప్పు చేయాల్సి వస్తుంది. హోటలు పెట్టినవాళ్లు ఒక నోటుపుస్తకం తీసి, వంటగదిలోని ఒక్కో యంత్రం పేరు, ధర, పనిలోకి దిగిన తేదీ ఈ వారంలోనే రాయండి. బిల్లులు ఇంటి దగ్గర, పుస్తకం నకలు ఆడిటరు దగ్గర ఉంచండి.