చిప్‌లకు కొరత వస్తే కోత ఎవరికి?

2018లో ఇంటెల్ ప్రాసెసర్లకు కొరత వచ్చింది. 10 నానోమీటర్ చిప్‌ల తయారీ ఏళ్ల తరబడి ఆలస్యమవడంతో భారమంతా పాత 14 నానోమీటర్ ఫ్యాక్టరీల మీదే పడింది. అదే సమయంలో డేటా సెంటర్ల గిరాకీ పెరిగింది. ఖరీదైన జియాన్, కోర్ చిప్‌లకే ముందు చోటిస్తామని ఆ సెప్టెంబర్‌లో కంపెనీ బాహాటంగానే చెప్పింది. చవక కంప్యూటర్ల చిప్‌లు వెనక్కి పోయాయి.

2019 నవంబర్‌లో, సరఫరా ఆలస్యానికి ఇంటెల్ తన కస్టమర్లకు క్షమాపణ లేఖ రాసింది. కొద్ది రోజులకే డెల్, ఈ కొరతను కారణంగా చూపి, ఆదాయ అంచనా తగ్గించుకుంది.

కంపెనీల నష్టం లెక్కల్లోకెక్కింది. చవక కంప్యూటర్ కోసం రూపాయి రూపాయి కూడబెట్టుకునే ఇళ్ల నష్టం ఏ లెక్కలోనూ లేదు. అందుకే కొరత అన్నప్పుడల్లా మనం అడగాలి: వరుసలో చివర ఎవరిని నిలబెట్టారు?