ఎన్ని చుక్కల తెర కావాలి?

ఈ ఏడాది మా హాస్టల్లో పరీక్షలకంటే ఎక్కువ చర్చ జరిగిన విషయం ఒకటుంది. ఆటలాడే కంప్యూటరుకు ఇప్పుడున్న తెర తీసేసి ఫోర్‌కె తెర కొనాలా, వద్దా? మెస్సులో ఇదే మాట, టీకొట్టు దగ్గర ఇదే మాట. ఆఖరికి ప్రాక్టికల్సులో రీడింగులు తీసుకుంటూ కూడా ఇదే. కొందరికి స్కాలర్‌షిప్ డబ్బు చేతికొచ్చింది. కొందరు ఇంట్లో నాన్నగారిని ఒప్పించే ప్రయత్నంలో ఉన్నారు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పేకంటే సంచికలో ఒకసారి రాసేస్తే నా గొంతుకు విశ్రాంతి, మీకు లెక్క దొరుకుతాయని ఈ వ్యాసం. ఆటల జోలికి పోని అధ్యాపకులు కూడా నిర్భయంగా చదవవచ్చు. ఇందులో సగం కాంతిశాస్త్రమే.

తెర అంటే చుక్కల ముగ్గు. పిక్సెల్ అని మనమనే ప్రతి చుక్కకూ ఒక రంగు వెయ్యాలి. మనలో చాలామంది దగ్గరున్న మామూలు తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. దీని పైమెట్టు 2560, 1440. అంటే 36,86,400. ఆపైది ఫోర్‌కె: 3840, 2160. అంటే 82,94,400. మామూలు తెరకు ఇది సరిగ్గా నాలుగు రెట్లు. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు పెట్టిన అక్కచెల్లెళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. వరసలోనూ, వరసల్లోనూ చుక్కలు రెట్టింపు చేస్తే మొత్తం నాలుగింతలవుతుంది. ముగ్గుపెట్టే చెయ్యి మాత్రం ఒకటే!

ఆ చెయ్యి పేరు గ్రాఫిక్స్ కార్డు. వాకిట్లో ముగ్గు రోజుకొకసారి వేస్తే చాలు. ఇక్కడ సెకనుకు 60 సార్లు చెరిపి మళ్ళీ వెయ్యాలి. అంటే ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ తెరను పూర్తిగా వాడుకోవాలంటే 6.9 మిల్లీసెకన్లే. మనం తెర మారుస్తున్నామనుకుంటాం గాని, నిజానికి కార్డుకు పని పెంచుతున్నాం. తెర ఖరీదు మనం ఒక్కసారి కడతాం. చుక్కల ఖరీదు మాత్రం కార్డు ప్రతి బొమ్మకూ కడుతూనే ఉంటుంది.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1993 లో వచ్చిన డూమ్ ఆట 320 చుక్కలు, 200 వరసల్లో నడిచేది. అంటే మొత్తం 64,000 చుక్కలు. ఫోర్‌కె తెరకు అందులో దాదాపు 130 రెట్లు కావాలి. 1996 లో క్వేక్ వచ్చింది. దాన్ని 640, 480 లో సాఫీగా ఆడాలనుకున్నవాళ్ళు ఆ మరుసటి ఏడాది త్రీడిఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు వెంటపడ్డారు. అయితే ఆ రోజుల్లో ఒక సౌకర్యం ఉండేది. గాజుబుడ్డి తెరకు స్థిరమైన చుక్కల సంఖ్య అంటూ లేదు. యంత్రం చాలకపోతే చుక్కలు తగ్గించుకున్నా బొమ్మ అలుక్కుపోయేది కాదు. ఎల్.సి.డి. తెర వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. దీని చుక్కలు ఫ్యాక్టరీలోనే పాతిన రాళ్ళు. 2560 చుక్కల తెరమీద 1920 చుక్కల బొమ్మ వేస్తే ఒక్కో చుక్కకు ఒకటీ మూడోవంతు చోటు వస్తుంది. మూడోవంతు చుక్కకు రంగు వెయ్యడం ఎవరివల్లా కాదు గనక పక్క చుక్కలతో కలిపి పులుముతారు. అక్షరాలు, సన్నగీతలు మసకబారతాయి.

"ఫోర్‌కె కొనేస్తాను, కార్డు చాలకపోతే తగ్గించుకుని ఆడతాను" అని వాదించేవాళ్ళున్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 3840 అనేది 1920 కి సరిగ్గా రెండింతలు కాబట్టి ఒక చుక్కను నాలుగు చుక్కలుగా పరిస్తే పులుముడు ఉండదు. కార్డు సెట్టింగుల్లో ఇంటిజర్ స్కేలింగ్ అనేది ఎంచుకుంటే అలాగే చేస్తుంది. సరే, అప్పుడు మీకు కనిపించేదేమిటి? పాత తెర చూపించినంతే! మా బ్లాకులో ఒక మిత్రుడు సెమిస్టరు ఫీజుకని దాచిన డబ్బులోంచి ఇలాగే తెర కొన్నాడు. కార్డు 6 జి.బి.ది. కొత్త ఆటలన్నీ 1920 లోనే ఆడుతున్నాడు. కార్డుకోసం మళ్ళీ ఇంట్లో నోరు తెరిచి అడగలేక సెలవుల్లో ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాడు. అతణ్ణి వేళాకోళం చెయ్యడానికి రాయడంలేదు. లెక్క ముందు వేసుకోవాలి అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక కన్ను సంగతి. సామాన్యమైన మంచి చూపుగల కన్ను ఒక డిగ్రీలో అరవయ్యోవంతు, అంటే ఒక మినిట్ కోణందాకా రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. కాబట్టి చుక్కకూ చుక్కకూ మధ్య దూరాన్ని 3438 తో గుణిస్తే, ఎంత దూరం జరిగితే చుక్కలు కలిసిపోతాయో తెలుస్తుంది. (త్రికోణమితి ఎందుకూ పనికిరాదనే మిత్రులు గమనించగలరు.) 24 అంగుళాల మామూలు తెరలో చుక్కల ఎడం 0.277 మి.మీ. కలిసిపోయే దూరం 95 సెం.మీ. 27 అంగుళాల తెరలో 2560 చుక్కలుంటే 80 సెం.మీ. అదే తెరలో ఫోర్‌కె అయితే 54 సెం.మీ. లోపే. 32 అంగుళాల ఫోర్‌కె అయితే 63.

ఇప్పుడు మీ కన్ను తెరకు ఎంత దూరంలో ఉందో కొలవండి. నేను టేపు పట్టుకుని మా వరండాలో నాలుగు గదులు తిరిగాను. హాస్టలు బల్ల వెడల్పు అంతంతమాత్రమే గనక అందరూ 60 నుంచి 70 సెంటీమీటర్ల మధ్యనే ఉన్నారు. ఆ దూరంలో మామూలు తెర చుక్కలు కంటికి ఆనుతాయి. కరెంటు తీగలు, మెట్ల అంచులు రంపపు పళ్ళలా కనిపించేది అందుకే. 27 అంగుళాల్లో 2560 కి మారితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అక్కణ్ణించి ఫోర్‌కెకి పోతే తేడా ఉంటుంది గాని అంత ఉండదు. ఎందుకంటే కన్ను తన హద్దు దాటిపోతోంది. ఈ హద్దు గోడలాంటిది కాదనుకోండి. గీత వంకరను పట్టుకోవడంలో కన్ను మినిట్ కోణంకంటే ఎంతో చురుకైనది. వెర్నియర్ స్కేలు చదవగలుగుతున్నది ఆ గుణంవల్లనే. అయినా అంచనాకు ఈ లెక్క చాలు.

అన్నిట్లోకీ నష్టపు బేరం ఏమిటంటే, 24 అంగుళాలు తీసేసి 27 అంగుళాల్లో అదే 1920 చుక్కల తెర తెచ్చుకోవడం. బొమ్మ పెద్దదవుతుంది, చుక్కలూ పెద్దవవుతాయి. అవి కలిసిపోవాలంటే 107 సెం.మీ. వెనక్కి జరగాలి. మన గదుల్లో అంత వెనక్కి జరిగితే మంచమ్మీద కూచోవాలి.

కొత్త తెర కొనకముందే మీ కార్డుకు పరీక్ష పెట్టే మార్గం ఒకటుంది. రూపాయి ఖర్చు లేదు. ఎన్‌విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్లో డి.ఎస్.ఆర్. అనే అమరిక, ఏఎండి కార్డయితే వర్చువల్ సూపర్ రిజల్యూషన్ అనేది ఉంటాయి. ఇవి పాత తెరమీదే ఎక్కువ చుక్కల బొమ్మను లోపల తయారుచేయించి, దాన్ని కుదించి చూపిస్తాయి. డి.ఎస్.ఆర్.లో 1.78 రెట్లు పెడితే 2560, 4 రెట్లు పెడితే ఫోర్‌కె. కొత్త తెర స్పష్టత కంటికి కనిపించదు గాని, కార్డు పడే కష్టం మాత్రం ఇంచుమించు అంతే. స్టీమ్‌లో సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో మూలన చూపించే ఏర్పాటుంది. అది పెట్టుకుని, మీరాడే ఆటలో మహా రద్దీగా ఉండేచోట, పేలుళ్ళూ వానా పొగా ఉన్నచోట, ఒక పావుగంట ఆడండి. మెనూ దగ్గర నిలబడి అంకె చూసి మురిసిపోకండి.

మామూలు తెరలో 90 వస్తోందనుకోండి. కార్డు నిండా పనిలో ఉందనుకుంటే, లెక్కప్రకారం 2560 లో 50 కి, ఫోర్‌కెలో 22 కి పడాలి. పనంతా చుక్కల లెక్కన పెరగదు కాబట్టి వాస్తవంలో కాస్త మెరుగ్గా ఉంటుంది. కొందరికి 2560 పెట్టినా అంకె కదలకపోవచ్చు. అప్పుడు అడ్డుపడుతున్నది కార్డు కాదు, ప్రాసెసరు అని అర్థం. కార్డు ఖాళీగా కూచుని ఉంది. అలాంటివాళ్ళు 2560 కి నిక్షేపంగా వెళ్ళవచ్చు. కార్డుకున్న జ్ఞాపకశక్తినీ ఇప్పుడే చూసుకోండి. 8 జి.బి. కార్డులు కొత్త ఆటల్లో ఫోర్‌కె దగ్గర ఇబ్బంది పడతాయి. సగటు అంకె బాగానే ఉన్నా మధ్యమధ్య ఆట ఝట్కాలు కొడుతుంది.

పాతలెక్కను తారుమారు చేసిన విషయం ఒకటి చెప్పకపోతే అన్యాయం. తక్కువ చుక్కలతో బొమ్మ వేసి, ఎక్కువ చుక్కలకు తెలివిగా పెంచే పద్ధతులు వచ్చాయి. ఎన్‌విడియా వారి డి.ఎల్.ఎస్.ఎస్. ఆటల్లోకి దిగింది 2018, 2019 ప్రాంతంలో. 2020 లో వచ్చిన రెండో రూపంతో అది నిజంగా పనికొచ్చేదయింది. ఏఎండి వారి ఎఫ్.ఎస్.ఆర్. 2021 లో, ఇంటెల్ వారిది 2022 లో వచ్చాయి. డి.ఎల్.ఎస్.ఎస్.లో క్వాలిటీ అని పెట్టుకుంటే ఫోర్‌కె బొమ్మను 2560 నుంచి పెంచుతుంది. పెర్ఫార్మెన్స్ అంటే 1920 నుంచి. ఇక్కడ గమ్మత్తేమిటంటే ఈ విద్య ఉన్నవాడికే పెడుతుంది. ఫోర్‌కెకి పెంచేటప్పుడు మూలంలో సరుకు ఎక్కువ గనక ఫలితం బాగుంటుంది. మామూలు తెరమీద అదే క్వాలిటీ పెడితే 1280, 720 నుంచి మొదలుపెట్టాలి. కంచెలు, చెట్ల ఆకులు వణుకుతాయి. ఇక మధ్యలో బొమ్మలు కల్పించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ వేరే వ్యవహారం. అది అంకెను పెంచుతుంది గాని, మౌసు కదిలిస్తే స్పందించే వేగాన్ని పెంచదు. దుకాణంలో ఎవరైనా పెద్ద అంకె చూపిస్తే అది అసలో కల్పితమో అడగండి.

మీరు ఆడే ఆట ఏది అన్నది కూడా ముఖ్యమే. కౌంటర్-స్ట్రైక్ ఆడే వృత్తి ఆటగాళ్ళలో చాలామంది 1280, 960 లో ఆడతారు. ప్రపంచస్థాయి బహుమతులు గెలిచేవాళ్ళు మన తాతలనాటి చుక్కల సంఖ్యతో ఆడుతున్నారంటే వింతగానే ఉంటుంది. కాని వాళ్ళకు కావలసింది అందం కాదు, వేగం. 240 హెర్ట్జ్, అంతకు మించిన తెరలు వాడతారు. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ తప్ప మరోటి ఎరగని మిత్రులకు నా సలహా ఒక్కటే: 24 అంగుళాల్లో 1920 చుక్కలతోనే ఉండి హెర్ట్జ్ పెంచుకోండి. కథా, అడవులూ, నగరాలూ ఉన్న ఆటలు ఇష్టపడేవాళ్ళకైతే చుక్కలు పెరిగితే నిజమైన ఆనందం ఉంది.

ఆటల వ్యాసంలో చదువు తెస్తున్నానని కోప్పడకండి. ఎక్కువ చుక్కలు కావాలనడానికి నాకు తెలిసిన అతి బలమైన కారణం ఆట కాదు, అక్షరం. అందులోనూ మన అక్షరం. ఇంగ్లీషు అక్షరం సాదాగా ఉంటుంది. మనకు పైన తలకట్టు, గుడి, కింద వత్తు, వత్తుకింద వత్తు. మామూలు తెరమీద చిన్న సైజులో "రాష్ట్రం" అన్న మాట చూడండి, కిందిభాగం మసిబొట్టులా ఉంటుంది. ప, ఫ ల మధ్య, ద, ధ ల మధ్య ఉన్నది చిన్న గీతే. అది అరచుక్కలో మాయమవుతుంది. అదే మాటను ఫోర్‌కె తెరమీద చూస్తే అచ్చుపుస్తకంలా ఉంటుంది. రోజుకు ఆరేడు గంటలు అదే తెరమీద చదివి, రాసి, ప్రోగ్రాములు కట్టి, ఆపైన ఒక గంట ఆడుకునేవాళ్ళకు ఫోర్‌కె దండగ కాదు. ఆట తగ్గించి ఆడినా మిగతా రోజంతా దాని ఫలం దక్కుతుంది.

ధరలు రాయడంలేదు. ఈ సంచిక అచ్చయి మీ చేతికొచ్చేలోగా అవి మారిపోతాయి. కాని కూడిక మాత్రం నిజాయితీగా వెయ్యండి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కేముందే కాగితమ్మీద తెర ఒక్కటే కాకుండా, కార్డు, దానికి తగ్గ పవర్ సప్లై కూడా రాసుకోండి. ఆర్.టి.ఎక్స్. 4060 కి 115 వాట్లు చాలు, 4090 కి 450 వాట్లు కావాలి. తెర కార్డుకంటే ఎక్కువకాలం మన్నుతుంది, కాబట్టి ముందు తెర కొనుక్కుని తర్వాత కార్డు చూసుకోవచ్చు అనేవాళ్ళ మాట కొట్టెయ్యలేను. అయితే ఆ "తర్వాత" అనేది ఎప్పుడో, ఎవరి డబ్బుతోనో తేలినవాళ్ళకే అది వర్తిస్తుంది. వచ్చే ఏడాది ఉద్యోగంలో చేరబోయే ఫైనలియరు వాళ్ళు వేరు, నిన్నగాక మొన్న చేరిన ఫస్టియరు తమ్ముళ్ళు వేరు. మధ్యరకం కార్డు ఉండి, అన్నిరకాల ఆటలూ ఆడే మనబోటివాళ్ళకు 27 అంగుళాల్లో 2560 చుక్కలే సరైన మజిలీ అని నా అభిప్రాయం.

తెచ్చుకున్నాక తీగ దగ్గర మోసపోకండి. పాత హెచ్.డి.ఎమ్.ఐ. 1.4 రంధ్రమున్న ల్యాప్‌టాప్‌కు ఫోర్‌కె తగిలిస్తే సెకనుకు 30 బొమ్మలే వస్తాయి, మౌసు బాణం నీళ్ళలో ఈదుతున్నట్టుంటుంది. 2.0 అయితే 60 వస్తాయి. 120 కావాలంటే 2.1 గాని, డిస్‌ప్లేపోర్ట్ 1.4 గాని ఉండాలి. తెరతోపాటు పెట్టెలో వచ్చిన తీగనే ముందు వాడండి. తగిలించాక విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి రిఫ్రెష్ రేటు ఎంతుందో స్వయంగా చూడండి. 144 హెర్ట్జ్ తెరలు కూడా చాలాసార్లు 60 దగ్గరే నిలబడి ఉంటాయి. మనం వెళ్ళి మార్చేదాకా అవి కదలవు.